పిస్టల్ కొనేముందు చెయ్యి చూసుకోండి

మా ఇంట్లో అందరికంటే చిన్న చెయ్యి మా అమ్మాయిది. దానికి పదమూడేళ్లు. తర్వాత నాది. మా ఆయన చెయ్యి పెద్దదే, ఆయన చూసే యూట్యూబ్ రివ్యూల లిస్టు ఇంకా పెద్దది. అందుకే పిస్టల్ ఎంపిక నా చేతుల్లోకి తీసుకున్నాను.

పిస్టలా అని ఉలిక్కిపడకండి. మేం ఉండేది అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మన దగ్గర ఆదివారం పొద్దున్నే షటిల్ ఆడటానికి వెళ్లినట్టు, టెక్సస్‌లో చాలా కుటుంబాలు టార్గెట్ షూటింగ్‌కి వెళ్తాయి. మా అమ్మాయి క్లాస్‌మేట్ వాళ్లు ఒకసారి మమ్మల్నీ పిలిచారు. ఆ రోజు నుంచి అది మా వెంట పడింది. నాకూ సరదా లేదని చెప్పను. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని .22 రైఫిల్‌తో కాల్చిన ఐదు రౌండ్లు నాకింకా గుర్తే. మా ఆయనకున్న అనుభవమల్లా తిరనాళ్లలో ఎయిర్‌గన్‌తో బెలూన్లు పేల్చడం. అది కూడా తక్కువేం కాదంటారాయన.

మా రూల్స్ రెండే. ఒకటి, ముగ్గురం కాల్చగలిగేది ఒక్కటే కొంటాం. రెండు, 500 డాలర్లు దాటకూడదు. ఆత్మరక్షణ కోసమో, నడుముకి పెట్టుకుని తిరగడానికో కాదు. కాగితం మీద గుండ్రాలు కాల్చడానికి, అంతే.

ముందు వీసా, తర్వాతే పిస్టల్

ఇది చదివేవాళ్లలో మాస్టర్స్‌కి అమెరికా వచ్చినవాళ్లు, రాబోతున్నవాళ్లు చాలామందే ఉంటారు. మీకోసం ఈ ముక్క ముందే చెబుతున్నా. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, అమ్మానాన్నలు వచ్చే బి-2, అన్నీ అందులోకే వస్తాయి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉండటం వాటిలో ఒకటి. అది మీకు వర్తిస్తుందా లేదా అన్నది లాయర్‌ని అడగాల్సిన విషయం, రూమ్మేట్‌ని కాదు.

దగ్గర పెట్టుకోవడం అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజ్‌లో అద్దె గన్ చేతిలోకి తీసుకున్నా అది పొసెషన్ కిందకి రావచ్చు. వీకెండ్ సరదాకి వెళ్లి, గన్ పట్టుకుని ఫొటో దిగి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే కుర్రాళ్లని చూస్తే నాకు గుండె దడ. ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. జైలు సంగతి అటుంచండి, వీసా సంగతేంటి? ఇంకోటి, గ్రీన్‌కార్డ్ ఉన్న ఫ్రెండ్ తన పేరు మీద కొని మీకివ్వడం కూడా నేరమే, ఇద్దరికీ.

నాకు గ్రీన్‌కార్డ్ ఉంది, మా ఆయన సిటిజన్. అందుకని మాకా ఇబ్బంది లేదు. మా అత్తగారు విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చినప్పుడు మాత్రం ఆవిడని అద్దం అవతల కుర్చీలోనే కూర్చోబెట్టాం. ఆవిడ ఎలాగూ ముట్టుకునే రకం కాదు. "ఆడపిల్లకి ఇంతకన్నా నేర్పించడానికేం దొరకలేదా తల్లీ?" అని నన్నడిగి, మనవరాలి పేపర్ మీద కన్నాలు మాత్రం శ్రద్ధగా లెక్కపెట్టారు.

.22 ఎందుకంటే

పాయింట్ ట్వంటీటూ అంటే బుల్లెట్ వ్యాసం అంగుళంలో దాదాపు ఇరవైరెండు వందో వంతు. మిల్లీమీటర్లలో 5.6. ఎక్కువగా వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. బుల్లెట్ బరువు రెండున్నర గ్రాములు, అటూ ఇటుగా. పేరులో రైఫిల్ అని ఉన్నా పిస్టళ్లలోనూ అదే వాడతారు. ఒలింపిక్స్‌లో అమ్మాయిల 25 మీటర్ల పిస్టల్ పోటీకి వాడేది కూడా ఇదే తూటా. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సిల్వర్ కొట్టింది ఈ ఈవెంట్‌లోనే. మను భాకర్, రిథమ్ సంగ్వాన్‌లతో కలిసి టీమ్ గోల్డ్ కూడా.

కొత్తవాళ్లకి ఇది ఎందుకు మంచిదంటే, వెనక్కి తన్నదు. 9 ఎంఎం కాల్చిన పిల్లలు రెండో రౌండ్‌కే కళ్లు మూసుకోవడం మొదలుపెడతారు. చప్పుడుకి, తన్నుకి ముందే భయపడి ట్రిగ్గర్‌ని గుంజేస్తారు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుందంటే వదిలించడం కష్టం. .22తో ఆ భయం లేదు, చెయ్యి కుదురుగా ఉంటుంది. గురి మీద ధ్యాస పెట్టొచ్చు.

రెండో కారణం డబ్బు. మేం ఒకసారి వెళ్తే ముగ్గురికీ కలిపి 200 రౌండ్లు. నెలకి రెండుసార్లంటే ఏడాదికి 4,800. మా దగ్గర .22 రౌండ్ ఎనిమిది సెంట్ల చొప్పున దొరికింది, 9 ఎంఎం పాతిక సెంట్లు. ఏడాదికి 384 డాలర్లు ఎక్కడ, 1,200 ఎక్కడ! ఆ తేడాతో ఇంకో రెండు పిస్టళ్లు వస్తాయి. 9 ఎంఎం కొందామని మూడు వారాలు వాదించిన మా ఆయన ఈ లెక్క చూశాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చిన్న తూటా కదా, ఆటబొమ్మ అనుకునేరు. డబ్బా మీదే రాసి ఉంటుంది, ఒకటిన్నర మైళ్ల దాకా వెళ్తుందని. అంటే మన లెక్కలో దాదాపు రెండున్నర కిలోమీటర్లు. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు.

రివాల్వరా, సెమీ ఆటోమేటిక్కా

బడ్జెట్‌లో తేలినవి ఆరు. అన్నిటికంటే చవక హెరిటేజ్ రఫ్ రైడర్, 150 డాలర్ల చుట్టూ. దానికంటే కాస్త పైన రుగర్ రాంగ్లర్, 200 చుట్టూ. రెండూ కౌబాయ్ సినిమాల్లో చూసే బాపతు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు. ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాలి, అప్పుడే ట్రిగ్గర్ పని చేస్తుంది. ఒక్కో లాగుడికి ఒక్కో గుండు. చిన్నపిల్లలకి నేర్పేటప్పుడు ఈ నిదానమే వరం. ఎన్ని మిగిలాయో పక్కన నిలబడ్డ మీకూ తెలుస్తుంది. చిక్కల్లా ఏంటంటే, గురి చూసే సైట్లు కదలవు, పక్కకి పోతుంటే సరిచేసుకోలేం. ఖాళీ గొట్టాలు ఒక్కోటీ బయటికి తొయ్యాలి. గంటసేపట్లో సగం టైమ్ నింపడానికీ తియ్యడానికే పోతుంది.

సెమీ ఆటోమేటిక్‌లలో టారస్ టీఎక్స్22 ఉంది, 300 డాలర్ల లోపే దొరుకుతుంది. అరకిలో కూడా ఉండదు, పదహారు రౌండ్ల మ్యాగజైన్. చెయ్యి నొప్పెట్టదు. కానీ మరీ తేలికైనది గురి దగ్గర వణుకుతుంది, నా చేతిలో వణికింది. ఇక 400 నుంచి 500 మధ్యలో మూడు పాత పోటీదారులు: రుగర్ మార్క్ ఫోర్, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ. ఈ మూడూ టార్గెట్ కోసమే పుట్టినవి. పొడుగు బ్యారెల్, సరిచేసుకునే సైట్లు, పుల్లలా విరిగే ట్రిగ్గర్.

రుగర్ కథ తమాషాగా ఉంటుంది. 1949లో ఆ కంపెనీ మొదలైందే ఒక .22 పిస్టల్‌తో, ధర 37.50 డాలర్లు. ఈ మార్క్ ఫోర్ దాని మునిమనవడు. పాత తరాల్ని శుభ్రం చెయ్యడానికి విప్పితే మళ్లీ బిగించడం ఒక శిక్ష, దానిమీద జోకులే ఉన్నాయి. 2016లో వచ్చిన మార్క్ ఫోర్‌లో వెనక ఒక బటన్ పెట్టారు. నొక్కితే మడత మంచంలా తెరుచుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే మాత్రం ఒకటి చూసుకోండి. 2017 జూన్ 1 కంటే ముందు తయారైన మార్క్ ఫోర్‌లని సేఫ్టీ లీవర్ లోపం వల్ల కంపెనీ రీకాల్ చేసింది. సీరియల్ నంబర్‌తో రిపేర్ అయిందో లేదో కనుక్కోవాలి.

చేతి పరీక్ష

షాపులో అద్దాల వెనక చూసి ఏదీ తేల్చుకోవద్దు. అన్నిటికంటే మంచి ఖర్చు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చి చూడటం. మేం రెండు ఆదివారాలు అదే చేశాం.

పరీక్ష ఇది. ఖాళీ అని ఇద్దరు చూసి నిర్ధారించుకున్న పిస్టల్‌ని సురక్షితమైన వైపు చూపిస్తూ పట్టుకోవాలి. బ్యారెల్, మణికట్టు, మోచెయ్యి ఒకే గీతలో ఉండాలి. అలా పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తన ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలి కొస మాత్రమే అందుతుంటే పిడి పెద్దదన్నమాట. పిల్లలు అందుకోవడం కోసం చెయ్యి పక్కకి తిప్పేస్తారు, అప్పుడు గుండ్లన్నీ ఒక పక్కకే పోతాయి. తర్వాత స్లైడ్ గానీ బోల్ట్ గానీ సొంతంగా వెనక్కి లాగగలరా చూడాలి. చివరగా, చేతులు చాచి అర నిమిషం పట్టుకోమనండి. పది సెకన్లకే కొస కిందికి వాలిపోతే అది వాళ్లకి బరువు.

ఇందులో మా అమ్మాయికి ఇంకో విషయం బయటపడింది. రాసేది కుడిచేత్తో, గురి చూసేది ఎడమ కంటితో. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దాంట్లోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్ను మూస్తే తెలిసిపోతుంది. రైఫిల్‌కైతే ఇది తలనొప్పి. పిస్టల్‌కి పెద్ద సమస్య కాదు, కాస్త ఎడమకి జరిపి పట్టుకుంటే చాలు.

మొత్తం మీద మార్క్ ఫోర్‌లోనే 22/45 అనే రకం ఖాయమైంది. దాని పిడి కాస్త నిటారుగా, సన్నగా ఉంటుంది, అమ్మాయి వేలు సరిగ్గా ఆనింది. మ్యాగజైన్ తీసేస్తే పేలదు. బక్ మార్క్ ట్రిగ్గర్ నాకు ఇంకా నచ్చింది, అబద్ధం చెప్పను. కానీ చిన్న చెయ్యి తీర్పే ఫైనల్ అనుకున్నాం కదా.

కొనడానికి అరగంట పట్టింది. 4473 అనే ఫామ్ నింపాలి, గ్రీన్‌కార్డ్ వాళ్లు ఎలియన్ నంబర్ రాయాలి, షాపువాళ్లు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. లైసెన్స్ ఉన్న షాపులో పిస్టల్ కొనడానికి 21 ఏళ్లు నిండాలి. టెక్సస్‌లో ఇంతే. అన్నిచోట్లా ఇలా ఉండదు. న్యూజెర్సీలో ఐడీ కార్డు కాకుండా ప్రతి పిస్టల్‌కీ విడిగా పర్మిట్ కావాలి, కాలిఫోర్నియాలో డబ్బు కట్టాక పది రోజులు ఆగాలి. ఎడిసన్ వాళ్లూ, ఫ్రీమాంట్ వాళ్లూ నా అరగంట లెక్క పెట్టుకోకండి.

పిస్టల్ కంటే ముందు కొన్నది

తాళం పెట్టె. పిస్టల్ ఇంటికి రాకముందే, 110 డాలర్లు పెట్టి, గోడకి బోల్టులతో బిగించాం. బుల్లెట్లు ఇంకో గదిలో, ఇంకో తాళంలో. కొత్త పిస్టల్‌తో పాటు షాపువాళ్లు ఒక తాళమో అలాంటి సాధనమో ఇవ్వాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది, అది కూడా తగిలించాం. 17 ఏళ్ల లోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే టెక్సస్‌లో పెద్దవాళ్ల మీద కేసు అవుతుంది.

కేసు సంగతి కాదు నా భయం. 2020 నుంచి అమెరికాలో పిల్లలూ టీనేజర్ల మరణాలకి మొదటి కారణం తుపాకులే, రోడ్డు ప్రమాదాల్ని కూడా దాటేశాయి. దేశం మొత్తం తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉంటే, పిల్లలు మూడీగా తలుపులేసుకుంటుంటే, పిస్టల్ కొనకండి. రేంజ్‌లో అద్దె గన్‌తోనే ఆడుకోండి. సరదా అంతే ఉంటుంది, ఇంట్లో ఇనుప ముక్క ఉండదు. ఇందులో మొహమాటం వద్దు.

మన ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. శనివారం పాట్‌లక్ అంటే పాతిక మంది. పెద్దవాళ్లు కింద బిర్యానీ దగ్గర, పిల్లలు మేడ మీద అల్మారాలన్నీ తెరుస్తూ. పెట్టె ఉన్న గదికి ఆ రోజు అదనంగా తాళం వేస్తాం. కోడ్ నాకూ ఆయనకే తెలుసు. అమ్మాయి పుట్టినరోజు కాదు, పెళ్లిరోజు కాదు, పిల్లలు ముందు ప్రయత్నించేవి అవే.

ఇంకోటి కూడా అలవాటు చేసుకున్నాను. అమ్మాయిని స్లీప్‌ఓవర్‌కి పంపేముందు ఫోన్ చేసి అడుగుతాను: "మీ ఇంట్లో గన్ ఉందా? ఉంటే తాళంలో ఉంటుందా?" మనవాళ్లకి ఈ ప్రశ్న ఎబ్బెట్టుగా ఉంటుంది. నట్స్ అలెర్జీ గురించి అడిగితే ఏమీ అనుకోరు కదా, ఇదీ అంతే. "మా ఇంట్లో ఒకటుంది, ఇలా తాళంలో పెడతాం" అని ముందు మన సంగతి చెప్పేస్తే అవతలివాళ్లు సులువుగా మాట్లాడతారు.

రేంజ్‌లో

18 ఏళ్లలోపు వాళ్లు టార్గెట్ ప్రాక్టీస్‌కి పిస్టల్ పట్టుకోవాలంటే అమ్మానాన్నల రాతపూర్వక అనుమతి ఉండాలి, ఇది ఫెడరల్ రూల్. ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి అమ్మాయి బ్యాగులో పెట్టాను. రేంజ్‌ల సొంత వయసు నిబంధనలు వేరే, ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

నాలుగు సూత్రాలు కారులోనే వల్లె వేయించాను. ప్రతి గన్ లోడై ఉందనే అనుకోవాలి. నాశనం కాకూడని దేనివైపూ చూపించకూడదు. గురి చూసేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. టార్గెట్ ఏంటో, దాని వెనకేముందో తెలిసుండాలి. సెమీ ఆటోమేటిక్‌లో ఒక ప్రమాదం ఉంది. ఒకటి పేలగానే రెండోది దానంతటదే రెడీ అవుతుంది. పిల్లలేమో గుండు తగలగానే "చూశావా అమ్మా" అని చేతిలో గన్‌తోనే వెనక్కి తిరుగుతారు. అందుకే మొదటి రెండుసార్లూ మ్యాగజైన్‌లో ఒక్క రౌండే పెట్టాం. పెట్టడం, కాల్చడం, కింద పెట్టడం. విసుగే, కానీ ఆ విసుగుతోనే చెయ్యి కుదిరింది.

ట్రిగ్గర్ లాగినా పేలకపోవడం .22లో మామూలే. పేల్చే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది, ఒక్కోసారి పిన్ను దెబ్బ పడిన చోట అది సరిగ్గా ఉండదు. అప్పుడు గన్‌ని టార్గెట్ వైపే పట్టుకుని అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలొచ్చు. ఏ బ్రాండ్ బుల్లెట్లు మీ పిస్టల్‌కి పడతాయో మూడు నాలుగు రకాలు చిన్న డబ్బాలు కొని చూసుకోండి. ఒకేసారి రెండు వేలు కొనొద్దు.

చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు, ఇవి తప్పనిసరి. సీసం సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. బుల్లెట్‌లోనూ, ఆ అంచు మందులోనూ సీసం ఉంటుంది, పొగలో గాల్లోకి వస్తుంది. పిల్లలకి, గర్భిణులకి మంచిది కాదు. వీలైతే ఆరుబయట రేంజ్, లోపలైతే గాలి బాగా ఆడేది. అక్కడ చిప్స్ తినడం బంద్. బయటికి రాగానే చల్లటి నీళ్లూ సబ్బుతో చేతులూ ముఖమూ, ఇంటికొచ్చాక బట్టలు విడిగా ఉతకడం.

మొదట్లో ఏడు గజాల దూరంలో పేపర్ ప్లేటు పెట్టుకున్నాం. పదికి పది ప్లేటులో పడ్డాకే వెనక్కి జరగాలని రూల్. అమ్మాయి ఇప్పుడు పదిహేను గజాలకి వచ్చింది, నేను పన్నెండు దగ్గర ఉన్నాను. మా ఆయన ఇంకా పదిలోనే ఉన్నారు, సైట్లు సరిగ్గా లేవంటారు. మ్యాగజైన్లు నింపే పని ఆయనదే. వేలు నొప్పెడుతోందని గొణిగితే, ఆరు డాలర్ల ప్లాస్టిక్ లోడర్ ఒకటి కొనిచ్చాం.